రెండో కృష్ణుడు వచ్చేవేళ

మాఘమాసం వెళ్లి మినుము ఇంటికి చేరిందంటే కృష్ణా జిల్లాలో నాటకాల రోజులు వచ్చినట్టే. సార్వా ధాన్యం అప్పటికే అమ్ముడై ఉంటుంది, అపరాల డబ్బు చేతిలో ఆడుతుంటుంది, పొలంలో పెద్దగా పనుండదు. మా ఉంగుటూరు నుంచి ఉత్తరంగా నూజివీడు వైపు వెళ్తే తోటల్లో పూత రాలి పిందె నిలబడుతుంటుంది. రసాలు కోతకు రావడానికి ఇంకా టైముంది. శివరాత్రికీ శ్రీరామనవమికీ మధ్య ఆ ఖాళీలోనే మా వైపు రామాలయాల ముందు తాటాకు పందిళ్లు లేచేవి. ఆరుబయట ఆడే ఆటకు వాన పడకూడదు, జనం చేతిలో చందా ఇచ్చేపాటి డబ్బుండాలి. రెండూ కుదిరేది ఆ నెలన్నరే.

చందాల్లో ఎక్కువభాగం కృష్ణుడికే పోయేది. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారంటే జనం ముందు అడిగేది కృష్ణుడెవరని. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య: ఈ పేర్లలో ఒక్కటి కరపత్రంలో ఉన్నా పక్క ఊళ్ల బళ్లు కదిలేవి. పేరున్న నటులను కాంట్రాక్టరు కుదిర్చి ఆడించే కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఒక్క పేరు చాలలేదు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకడు. రాత్రంతా పై శ్రుతిలో పద్యం లాగాలంటే ఏ గొంతయినా అలసిపోతుంది, అందులోనూ మైకులు లేని రోజుల్లో. కాంట్రాక్టరుకు కరపత్రం నిండేది, నటుడికి గొంతు మిగిలేది. మొదటి కృష్ణుణ్ణి మించాలని రెండో కృష్ణుడు రాగాన్ని ఇంకాస్త సాగదీసేవాడు. కింద నుంచి వన్స్‌మోర్! చచ్చిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ అందుకుని, మళ్లీ పడిపోయిందని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పేవాళ్లున్నారు.

నాటకాన్ని పద్యాల పోటీగా దిగజార్చారని విమర్శకులు అప్పట్లోనే తిట్టారు. నిజమే, కథ ఎక్కడో ఆగిపోయేది. కానీ ఆట ఎంతసేపు సాగాలో చాపమీద కూర్చున్న మనిషి తేల్చేవాడు. ఆ హక్కు మరే కళలోనూ మన రైతుకు అంతగా దక్కలేదని నా నమ్మకం.

అదే జనం ముందుకు ప్రజానాట్యమండలి వేరే సరుకు తెచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ 1947 నాటిది. దేవుళ్ల కిరీటాలు చూసిన కళ్లే తెలంగాణ రైతుల పోరాటాన్ని చూశాయి. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకానికి భయపడేంతగా జనం వస్తున్నారన్నమాట. ఇక గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టి, ఆడవేషాలు కట్టిన కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన తెలుగు సంఘం ఉగాది సంగతికొస్తాను. కాలం అదే వసంతం. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. రెండూ ఉగాదికి అటూ ఇటూగానే పడతాయి. మన వేదిక బడివాళ్ల ఆడిటోరియం. అద్దె గంటల లెక్కన. అందుకని ఒక్కో ఐటమ్‌కు అయిదు నిమిషాలు, మూడొంతులు సినిమా పాటలు. పిల్లల ముచ్చట కాదనను. అయితే ఉంగుటూరుకు ఒక్కపూట ప్రయాణంలో ఉన్న కూచిపూడిలో రాత్రంతా ఆడిన భామాకలాపం, ఇక్కడ సత్యభామ జడ తిప్పి చూపేలోగా తెర పడే గతికొచ్చింది. అది మాత్రం కష్టంగా ఉంది.

కార్యవర్గానికి నాదొక సలహా. వచ్చే ఉగాదికి పది ఐటమ్‌లు తగ్గించి రాయబారం సీను ఒక్కటి నిండుగా వేద్దాం. మనలో పద్యం వచ్చినవాళ్లు లేకపోలేదు, కార్లో ఒంటరిగా పాడుకునేవాళ్లే ఎక్కువ. ఉద్యోగాలతో ఎవరికీ మొత్తం పాత్ర బట్టీపట్టే తీరిక లేదు కదా, అక్కడే కాంట్రాక్టువాళ్ల కిటుకు పనికొస్తుంది. ముగ్గురు కృష్ణులను పెడదాం, తలా నాలుగు పద్యాలు. హార్మోనియం మాత్రం మనిషే వాయించాలి, ఫోన్లో ట్రాక్ వద్దు. రాగం ఎక్కడ ఆగుతుందో ట్రాక్‌కు తెలీదు. ఇక వన్స్‌మోర్‌లకు ఎంత టైము వదలాలో, దానికి హాలు అద్దె ఎంత పెరుగుతుందో కోశాధికారిగారితో ముందే మాట్లాడుకోవాలి. ఆయన గుడివాడవైపు మనిషే, మరీ గట్టిగా బేరమాడరనుకుంటాను.