ఉదయపూర్‌లో కెమెరాకు కనిపించనిది

గూఢచారి సినిమా అంటే మన ఇళ్లల్లో ఇష్టపడని వారు తక్కువ. 1966లో వచ్చిన 'గూఢచారి 116'తో కృష్ణ తెలుగువారి జేమ్స్‌బాండ్ అయ్యారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1962లో, 'డాక్టర్ నో' చిత్రంతో అసలు జేమ్స్‌బాండ్ తెర మీదికి వచ్చాడు. అప్పటి నుండి 2021లో విడుదలైన 'నో టైమ్ టు డై' వరకు ఆ వరుసలో 25 చిత్రాలు వచ్చాయి. నటులు మారారు, దర్శకులు మారారు, శత్రువులు మారారు. బాండ్ మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ తిరుగుడులో అతడు మన దేశంలో అడుగుపెట్టింది ఒక్కసారే. 1983లో విడుదలైన 'ఆక్టోపస్సీ' ఆ చిత్రం. ఈ వరుసలో అది పదమూడవది. ఇంటికి వచ్చిన అతిథిని ఆదరించడం మన అలవాటు కనుక ఆ చిత్రాన్ని మనవాళ్లు ఇష్టంగానే చూశారు. మేమూ చూశాం. చూసిన ప్రతిసారీ మాకు అసంతృప్తే మిగిలింది.

అందులో ప్రతినాయకుడి పేరు కమాల్ ఖాన్. మా అసంతృప్తి ఆ పేరు గురించేనని పాఠకులు అనుకోవచ్చు. కాదు. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అన్ని మతాల్లోనూ ఉంటారు. ఒక ఖాన్‌ను దుష్టుడిగా చూపితే కొంపలేమీ మునగవు. మా ఫిర్యాదు వేరు. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, ఈ చిత్రం తన ముందున్న దేశాన్ని గాని మనుషులను గాని చూడకుండానే వెళ్లిపోయింది.

కథ ఏమిటి?

తూర్పు బెర్లిన్‌లో విదూషకుడి వేషంలో ఉన్న ఒక బ్రిటిష్ గూఢచారి హత్యకు గురవుతాడు. అతని చేతిలో రష్యా చక్రవర్తుల కాలపు రత్నాల గుడ్డుకు నకలు దొరుకుతుంది. అసలు గుడ్డు లండన్‌లో వేలానికి వస్తే దాన్ని కమాల్ ఖాన్ అనే ఆఫ్ఘన్ రాకుమారుడు కొంటాడు. అతని వెంట బాండ్ ఉదయపూర్ చేరతాడు. అక్కడ తేలేదేమిటంటే, సోవియట్ సేనాని ఓర్లోవ్ క్రెమ్లిన్ నిధులను దొంగచాటుగా బయటికి పంపుతున్నాడు. ఒక సర్కస్ ముసుగులో ఆ సరుకు దేశాలు దాటుతోంది. ఆ సర్కస్ యజమానురాలే ఆక్టోపస్సీ. ఆమెకు తెలియకుండా ఓర్లోవ్, కమాల్ ఖాన్ కలిసి ఆ సర్కస్‌లో అణుబాంబు పెడతారు. పశ్చిమ జర్మనీలోని అమెరికన్ వైమానిక స్థావరంలో అది పేలితే అమెరికా బాంబే ప్రమాదవశాత్తూ పేలిందని లోకం నమ్ముతుంది, యూరప్ ప్రజలు అణ్వాయుధాలు వద్దంటారు, అప్పుడు సోవియట్ ట్యాంకులకు అడ్డుండదు. ఇదీ పన్నాగం.

పన్నాగం గట్టిదే. 1983లో యూరప్ నగరాల్లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఆనాటి నిజమైన భయాన్ని చిత్రం పట్టుకుంది. చివర్లో బాండ్ విదూషకుడి రంగు పూసుకుని, ఎవరూ తన మాట నమ్మని స్థితిలో బాంబును నిలిపే ఘట్టం ఈనాటికీ ఊపిరి బిగబట్టి చూడదగినది. రైలు మీద, విమానం మీద జరిగే పోరాటాలు కంప్యూటర్ల సాయం లేని రోజుల్లో నిజమైన మనుషులు ప్రాణాలకు తెగించి చేసినవి. రైలు దృశ్యంలో బాండ్‌కు బదులుగా నటించిన స్టంట్ నటుడు తీవ్రంగా గాయపడ్డాడు కూడా. మంచిని మంచి అనాలి కదా.

బజారులో ఏం చూశారు?

ఇన్ని హంగులున్నా ఉదయపూర్ ఘట్టాలు వచ్చేసరికి చిత్రం నీరసించింది. 1982లో చిత్ర బృందం అక్కడికి వచ్చి నిజమైన బజారులో, నిజమైన సరస్సు మీద చిత్రీకరణ జరిపింది. కాని తెర మీద మనకు కనిపించేదేమిటి? పాములవాడు, నిప్పుల మీద నడిచేవాడు, కత్తి మింగేవాడు, మేకుల పరుపు మీద పడుకునేవాడు. ఒక్క ఆటోరిక్షా వేటలోనే వీళ్లలో చాలామంది దర్శనమిస్తారు! ఊళ్లో కూరగాయలు అమ్మేవాళ్లు, బడికి వెళ్లే పిల్లలు, దుకాణం మూసి నమాజుకో పూజకో వెళ్లేవాళ్లు ఉండరా? మద్రాసు నుండి వెళ్లిన టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్‌కు బాండ్ సహాయకుడి పాత్ర ఇచ్చి, శత్రువులను రాకెట్‌తో కొట్టించారు. అది నవ్వు కోసమే అనుకుందాం. కాని జూదంలో గెలిచిన నోట్లకట్టను బాండ్ తన భారతీయ సహచరుడి చేతిలో పెట్టి, కొన్ని వారాలు కూర తినడానికి సరిపోతుందన్నట్టు మాట్లాడటం నవ్వు తెప్పించదు. ఆ సహచరుడు ముష్టివాడు కాదు, అదే ప్రభుత్వానికి పనిచేస్తున్న తోటి ఉద్యోగి.

అడవి వేటలో బాండ్ టార్జాన్‌లా కేకపెట్టి తీగలు పట్టుకుని ఊగుతాడు. ఎదురుపడిన పులిని పెంపుడు కుక్కను గద్దించినట్టు కూర్చోమంటాడు. రైలులో గొరిల్లా తొడుగులో దాక్కుంటాడు. చిత్రం విడుదలయ్యే నాటికి రోజర్ మూర్‌కు 55 ఏళ్లు. ఆ వయసులో పరుగుల కంటే హాస్యం తేలికని దర్శకుడు జాన్ గ్లెన్ తలచి ఉండవచ్చు. కాని ఒక పక్క అణుబాంబు, మరో పక్క టార్జాన్ కేక. ఏది నమ్మాలో ప్రేక్షకుడికి తెలియదు.

కారణం లేని ప్రతినాయకుడు

ఇప్పుడు కమాల్ ఖాన్ సంగతికి వద్దాం. అతడు దేశం విడిచి వచ్చిన ఆఫ్ఘన్ రాకుమారుడని చిత్రం చెబుతుంది. నటించినది ఫ్రాన్స్ దేశస్థుడు లూయీ జూర్డాన్. మంచి నటుడే, మాట తీరులో హుందాతనం ఉంది. కాని ఆ పాత్రను ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఇతను ఎందుకిలా చేస్తున్నాడు?

1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించాయి. 'ఆక్టోపస్సీ' విడుదలైన నాటికి అక్కడ యుద్ధం నాలుగో ఏట నడుస్తోంది. లక్షలాది ఆఫ్ఘన్లు ఇళ్లు వదిలి పాకిస్తాన్, ఇరాన్ శిబిరాల్లో తలదాచుకుంటున్నారు. అలాంటి సమయంలో ఒక ఆఫ్ఘన్ రాకుమారుడు, తన దేశాన్ని ఆక్రమించిన సైన్యంలోని సేనానితోనే చేతులు కలిపాడు. ఎంత పెద్ద విషయం! అతడు డబ్బుకు అమ్ముడుపోయాడా? పోయిన గద్దె కోసం బేరం పెట్టాడా? లోపల ఏ మూలనైనా సిగ్గు ఉందా? వీటిలో ఒక్కదానికి జవాబు చెప్పినా గొప్ప పాత్ర పుట్టేది. చిత్రంలో జవాబు కాదు, అసలు ప్రశ్నే లేదు. రాకుమారుడు, తలపాగా కట్టిన అనుచరుడు, కొండ మీద కోట, విందులో గొర్రె కన్ను తినడం. ఇవి చాలనుకున్నారు.

ఈ పేరు ముస్లింలను అవమానించడానికే పెట్టారని మేము అనడం లేదు. ఇదే చిత్రంలో బాండ్‌కు తోడ్పడే అధికారి పేరు సద్రుద్దీన్. అసలు కుట్ర పన్నినవాడు రష్యన్. కారణం రాయడానికి ఓపిక లేని చోట పేరుతో సరిపెట్టుకున్నారన్నదే మా మాట. చిత్రంలో కమాల్ ఖాన్ దగా పాచికలతో జూదమాడతాడు. ఏ పందెమైనా అతనిదే గెలుపు. బాండ్ ఆ పాచికలనే చేతిలోకి తీసుకుని అతణ్ణి ఓడిస్తాడు. చక్కని ఘట్టం. కాని పాత్రల విషయంలో రచయితలు ఆడినదీ అలాంటి పాచికలతోనే. మనిషిని చూడకముందే పడే పందెం తేలిపోయింది.

ఉదయపూర్‌లో నిజమైన రాకుమారుడు

ఇందులో మరో విచిత్రం ఉంది. బాండ్ మన దేశంలో దిగగానే తెర మీద ఒక్క క్షణం తాజ్‌మహల్ కనిపిస్తుంది. ఆ వెంటనే కథ ఉదయపూర్ చేరుతుంది. వందల కిలోమీటర్ల దూరంలోని ఆ రెండు చోట్లనూ కలిపేది నిజానికి ఒక మనిషి జీవితం. 1620లలో షాజాదా ఖుర్రమ్ తండ్రి జహంగీర్ మీద తిరుగుబాటు చేసి ఉదయపూర్ వచ్చినప్పుడు, మేవాడ్ రాణా కరణ్ సింగ్ అతనికి పిఛోలా సరస్సులోని జగ్‌మందిర్ దీవిలో ఆశ్రయమిచ్చాడు. ఆ షాజాదాయే తరువాత షాజహాన్ అయ్యాడు, తాజ్‌మహల్ కట్టించాడు. అదే దీవిలో 1857లో నీమచ్ నుండి ప్రాణభయంతో వచ్చిన ఆంగ్లేయ కుటుంబాలకు కూడా ఆనాటి మహారాణా నీడనిచ్చాడు.

ఇల్లు విడిచి వచ్చిన ముస్లిం రాకుమారుడికి, భయపడి వచ్చిన ఆంగ్ల స్త్రీలకు, పిల్లలకు ఒకే గుమ్మం తెరిచిన ఊరది. అదే సరస్సు మీద కెమెరా పెట్టి, దేశం విడిచిన ముస్లిం రాకుమారుడి కథ చెబుతూ, చిత్రబృందానికి ఇది గుర్తు రాలేదు. ఆ ఊళ్లో ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవారు.

నాలుగేళ్లలో మారిన ఆఫ్ఘన్

ఇదే దర్శకుడు 1987లో 'ది లివింగ్ డేలైట్స్' తీశాడు. అప్పటికి రోజర్ మూర్ వెళ్లి తిమొతీ డాల్టన్ వచ్చాడు. ఈసారి ఆఫ్ఘన్ ముజాహిదీన్ నాయకుడు కమ్రాన్ షా బాండ్‌కు మిత్రుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, మాట మీద నిలబడేవాడు. ఆ పాత్ర వేసింది బహావల్పూర్‌లో పుట్టిన ఆర్ట్ మాలిక్. ఆ తరువాత 1989లో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్ విడిచాయి, 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1994లో హాలీవుడ్ తీసిన 'ట్రూ లైస్' అనే మరో గూఢచారి చిత్రంలో అదే ఆర్ట్ మాలిక్ ఉగ్రవాదుల నాయకుడిగా తేలాడు.

నటుడు ఒక్కడే, ముఖం ఒక్కటే. పదకొండేళ్లలో తెర మీది ముస్లిం దగాకోరు, ఆ తరువాత వీరుడు, ఆ తరువాత ఉగ్రవాది అయ్యాడు. మారింది పశ్చిమ దేశాల అవసరం. ఈ సంగతి మన పిల్లలకు తెలిస్తే తెర మీది మంచితనాన్ని చూసి పొంగిపోరు, చెడ్డతనాన్ని చూసి కుంగిపోరు.

అయితే వేలు ఒకవైపే చూపడం ఇన్సాఫ్ కాదు. తెలుగు సినిమాల్లో తప్పుల తెలుగు మాట్లాడే సాయిబు పాత్రను చూసి మనమూ నవ్వుకున్నాం. తెలంగాణ యాసను రౌడీలకు, హాస్యగాళ్లకు అంటగడితే చాలాకాలం ఊరుకున్నాం. అదీ దగా పాచికే.

నటుడు చూసినది

'ఆక్టోపస్సీ' నిర్మాతలకు డబ్బుకు లోటు రాలేదు. అదే ఏడాది షాన్ కానరీ వేరే సంస్థకు చేసిన బాండ్ చిత్రం 'నెవర్ సే నెవర్ ఎగైన్' కంటే ఎక్కువే వసూలు చేసింది. కాని ఆ చిత్రం వల్ల జరిగిన అసలు మేలు వసూళ్లలో లేదు.

చిత్రీకరణ కోసం వచ్చిన రోజర్ మూర్ ఇక్కడి పేదరికాన్ని చూసి చలించిపోయాడు. ఆ బాధ ఆయనను విడవలేదు. నటి ఆడ్రీ హెప్‌బర్న్ పిల్లల కోసం చేస్తున్న సేవ ఆయనకు దారి చూపింది. 1991లో యునిసెఫ్ సౌహార్ద రాయబారి అయ్యాడు. అయోడిన్ లోపంతో పిల్లల ఎదుగుదల ఆగిపోకుండా ఉప్పులో అయోడిన్ కలపాలనే ఉద్యమానికి ప్రచారకుడిగా దేశదేశాలు తిరిగాడు. 2003లో బ్రిటన్ ఆయనకు 'సర్' బిరుదు ఇచ్చింది ఈ సేవకే. 2017లో 89వ ఏట కన్నుమూసే వరకు ఆ పని వదల్లేదు.

కెమెరా పాములవాడి దగ్గర ఆగిపోయింది. కెమెరా ముందు నిలబడ్డ మనిషి మాత్రం అదే వీధిలో పిల్లలను చూశాడు. తెలిసిన కథలోకి మనుషులను ఇరికించడం ఒక పద్ధతి. మనుషులను చూసి మన నడకను మార్చుకోవడం ఇంకొక పద్ధతి. మొదటిదానితో సినిమా అయింది. రెండోదానితో ఎందరో బిడ్డలకు మేలు జరిగింది.

ఈ చిత్రం మళ్లీ ఎప్పుడైనా మీ ఇంట్లో టీవీలో వస్తే కట్టేయమని మేము చెప్పం. పిల్లలతో కలిసి కూర్చుని చూడండి. కమాల్ ఖాన్ వచ్చినప్పుడు ఇతను ఎందుకిలా చేస్తున్నాడో అడగండి. సరస్సు కనిపించినప్పుడు ఖుర్రమ్ కథ చెప్పండి. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు, ఆ ముసలి బాండ్ తరువాత ఏం పని చేశాడో కూడా చెప్పండి.