అనంతపురపు మెట్టభూములలో స్వయంపోషక జీవనము: అపోహలు – వాస్తవములు

నగరజీవితమునందు విసివి, నాలుగెకరముల మెట్టభూమిని కొని, తమ ధాన్యమును తామే పండించుకొని, తమ నీటిని తామే కూర్చుకొని బ్రతుకవలెనని సంకల్పించువారి దృష్టి, బెంగుళూరునకు చేరువయగుటచేత కాబోలు, ఇటీవల అనంతపురపు సీమపై ప్రసరించుచున్నది. 2022లో అనంతపురము, శ్రీసత్యసాయి జిల్లాలుగా విభక్తమైన ఈ సీమను గూర్చి ప్రచారమునందున్న అభిప్రాయములలో కొన్ని నిష్కారణముగా భయపెట్టునవి, కొన్ని అంతకంటె అపాయకరముగా ఆశపెట్టునవి.

దేశమున జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతము గల జిల్లా అనంతపురమే యను మాట మొదటి తెగకు చెందినది. అంకెలు దీనిని సమర్థింపవు. ఇచ్చటి సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు; రాజస్థానమందలి బికనేరు, బార్మేరు, గుజరాతునందలి కచ్ఛము, హిమాలయముల కావలనున్న లేహ్ ఇంతకంటె ఎంతో తక్కువ వానతో కాలము గడుపుచున్నవి. ఆంధ్రప్రదేశమున మాత్రము అనంతపురమే అట్టడుగున నున్నది. అయితే ఈ సవరణను విని సంతసించువారు వెంటనే మరియొక పొరపాటునకు లోనగుదురు. పైరును పండించునది సగటు వాన కాదు, అదనున కురిసిన పదునువాన. పడమటి కనుమలు నైరృతి మేఘముల సారమును ముందే హరించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటవలన ఈశాన్య పవనములు బలము తగ్గి వచ్చుటచేతను, ఈ సీమకు రెండు ఋతువుల వానయు అరకొరగానే దక్కుచున్నది: నైరృతి కాలమున సుమారు 340 మిల్లీమీటర్లు, ఈశాన్య కాలమున 155. అందును సెప్టెంబరే ప్రధానము. జూనులో తొలకరి చూచి విత్తిన రైతు జూలై, ఆగస్టు మాసముల బెట్టకు పైరునప్పగించి ఆకాశమువంక చూచుచుండ, అంతయు ఎండిన పిమ్మట భారీవర్షములు కురిసి, లెక్కలలో ఆ యేటి వర్షపాతము సాధారణమని నమోదగుట ఇచ్చటివారికి క్రొత్త గాదు.

ఇంటి నీటికైనను ఈ వాన చాలునా యని యడుగుదురు. నూరు చదరపు మీటర్ల మిద్దెపై 550 మిల్లీమీటర్ల వాన 55,000 లీటర్ల నీరగును; ఐదవవంతు వృథాయైనను 44,000 మిగులును. నలుగురున్న సంసారమునకు త్రాగుటకును వంటకును రోజుకు 40 లీటర్ల చొప్పున ఏడాదికి 14,600 లీటర్లు చాలును గాన, తొట్టి కట్టుకొన్నవాడు ఆ కొరత నెరుగడు. స్నానపానాదులన్నియు కలిపి మనిషికి రోజునకు 55 లీటర్లు కావలెనన్నచో 80,000 లీటర్లు దాటును. ఆ మిద్దె సగమునకు మించి మరికొంత మాత్రమే ఈయగలదు. పశువులను, కూరపాదులను ఈ లెక్కలో చేర్చనే లేదు.

ఆశపెట్టు అపోహలలో అగ్రగణ్యమైనది బోరుబావిని గూర్చినది. లోతుగా వేసినచో నీరు పడక మానదని అమ్మువాడు చెప్పును, కొనువాడు నమ్మును. ఈ నేల క్రింద అధికభాగము గ్రానైటు, నైసు శిలలు. నీరుండునది పైని శిథిలమైన పొరయందును, దాని దిగువ పగుళ్లయందును మాత్రమే. లోతునకు పోయినకొలది ఆ పగుళ్లు సాధారణముగా విరళమగుచుండును. అందుచేత వందలాది అడుగులు తొలిచినను రాతిపొడి తప్ప వేరేమియు రాని బోర్లు గ్రామగ్రామమున గలవు. పడిన నీరును మీ యొక్కరి సొత్తు గాదు. అదే పగులు పొరుగురైతు చీనీతోటకు ప్రాణాధారమై యుండవచ్చును. కనుకనే నీరు, భూమి, చెట్ల రక్షణకై వచ్చిన 2002 నాటి వాల్టా చట్టము క్రొత్త బావులకు అనుమతిని తప్పనిసరి చేసినది. నీరు సమృద్ధిగా పడినచోటను ఫ్లోరైడు పరీక్ష తప్పదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగదగదు.

పూర్వులు ఈ నీటి విచారమును మనకంటె శ్రద్ధతో చేసిరని నా దృఢవిశ్వాసము. పొరుగుననున్న కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును గూర్చి, విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనము, చెరువునకు వలయు పండ్రెండు అంగములను, వర్జింపవలసిన ఆరు దోషములను వివరించుచున్నది. నేల చవుడగుట యొక దోషము. నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట మరియొక దోషము. నేడు నాలుగెకరములు కొని నాలుగెకరములకును నీరు పారింపదలచువాడు సరిగా ఈ రెండవ దోషముననే పడుచున్నాడు. నీరున్నంత మేర అరయెకరము తోటగా పెంచి, తక్కినదానిని వానకు విడుచుట ఈ సీమకు తగిన పద్ధతి.

ఈ సీమ యంతయు ఒకే తీరు నేల యనుటయు సరికాదు. తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడి ఈశాన్యకాలపు హింగారు వానను పట్టి యుంచి పప్పుశనగను పండించును. హిందూపురము, మడకశిర ఆరువందల మీటర్లకు మించిన ఎత్తుననుండి వేసవియందును కొంత చల్లన. కణేకల్లు దిక్కున హగరి యేటి యొడ్డు ఇసుకమేటలు పొలములనే కప్పుచున్నవి.

వేరుశనగయే ఈ నేలకు సహజమైన పంటయని తలచుట మరియొక భ్రమ. అది విపణికై విస్తరించిన పంట. ధర పలికిన యేట రొక్కమిచ్చును, తప్పిన యేట ఋణమును మిగుల్చును. అంతకుముందు ఈ ఎర్రనేలలలో కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఆరికలను, వాని సాళ్ల నడుమ కంది, అలసంద, అనుములను, గట్లవెంట ఆముదమును చల్లెడివారు. ఒకటి బెట్టకు పోయినను మరియొకటి దక్కెడిది. సంగటికి పిండియు, పశువులకు చొప్పయు ఇంటనే దొరకెడివి. స్వయంపోషణమే లక్ష్యమైనవాడు మొదట ఆలోచింపదగినది ఈ కలగలుపు సేద్యమునే.

ఇక స్వయంపోషణమనగా ఏకాకి జీవనమనుకొనుట చివరి అపోహ. 1990లో చెన్నేకొత్తపల్లి సమీపమున ముప్పదిరెండెకరముల బీడును కొని పచ్చగా మార్చిన టింబక్టు కలెక్టివ్ అను సంస్థవారి కృషి, కంచెలోపలనే నిలిచిపోక, చుట్టుపట్ల పల్లెల రైతులతోను, స్త్రీల పొదుపు సంఘములతోను పెనవేసుకొని పెరిగినది. వంక ఎగువవాడు కట్టిన అడ్డుకట్ట దిగువవాని బావిని నింపునట్టి చోట, ఒంటరివాడు నిలువగలడని నేను నమ్మజాలను.

కొనదలచినవారికి నా మనవి యొక్కటే. వానలు వెలసి చేలు పచ్చగా నున్న కార్తికమున భూమిని చూచి బయానా ఈయకుడు, వైశాఖమున రండు. చేనిలో మోకాలిలోతు గుంట త్రవ్వించి, జానెడు మట్టి క్రిందనే గరుసు తగులునో, మూరెడు మన్నున్నదో చూడుడు. చుట్టునున్న బోర్ల మోటార్లు ఎంతసేపు నీరుపోసి గాలి పీల్చునో దగ్గర నిలిచి గమనింపుడు. గడచిన పదేండ్లలో ఎన్నియేండ్లు గింజ యింటికి వచ్చినదో ఆ యూరి వృద్ధరైతును అడిగి, అతడు చెప్పినది పూర్తిగా విన్న పిదపనే రిజిస్ట్రారు కచేరీకి వెళ్లుడు.