రేనాల్డ్స్ 531 సైకిలు చట్రము

రేనాల్డ్స్ 531 అనునది మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టముల రకము. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరమునకు చెందిన రేనాల్డ్స్ సంస్థ దీనిని 1935లో ప్రవేశపెట్టినది. పందెపు సైకిళ్ళ చట్రముల (ఫ్రేముల) తయారీలో ఇది దశాబ్దాల పాటు విరివిగా వాడబడినది. పాత చట్రములను బాగుచేసి తిరిగి అమ్మువారు నేటికీ వీటిని వెదకుచుందురు.

నిర్మాణము

గొట్టము చివరలలో మందముగా, మధ్యలో పలుచగా ఉండును. అతుకు వద్ద బలము, మిగిలిన చోట తేలిక. ఈ పద్ధతికి 1897లోనే పేటెంటు లభించినది. చివరలను లగ్గులు అనబడు ఉక్కు తొడుగులలో దూర్చి ఇత్తడితో గాని, వెండి మిశ్రమముతో గాని అతుకుదురు. ఉక్కు కరగదు; అతుకు లోహము మాత్రమే కరిగి సందులలోనికి పాకును. వేడి మితిమీరినచో గొట్టము బలహీనపడును. అందుచేత సాధారణ వెల్డింగు దీనికి సరిపడదు.

తిరిగి అమ్ముట

స్టిక్కరును ఏ చట్రముపైనైనను అంటించవచ్చును. అసలు స్టిక్కరులలో కూడ కొన్నిటిపై మూడు ప్రధాన గొట్టములు మాత్రమే 531 అని ఉండును. పూర్తి 531 చట్రములో సీటు కడ్డీ వ్యాసము సాధారణముగా 27.2 మి.మీ. ఉండును, అంతకు తగ్గినచో అనుమానింపవలెను. అల్యూమినియం సీటు కడ్డీ ఏళ్ళ తరబడి కదల్చనిచో లోపలనే పట్టుకొనిపోవును.

ముందునుండి గుద్దుకొన్న చట్రములో, హ్యాండిలు గొట్టమునకు దగ్గరగా క్రింది గొట్టము అడుగున ముడత చేతికి తగులును. దానిపై రంగు పూసి అమ్ముట మోసమే కాదు, ప్రాణాపాయము కూడ. వెనుక చక్రపు ఎడము 126 మి.మీ. ఉన్న చట్రమును నేర్పరి చేత 130 మి.మీ.కు సాగదీయించి, తరువాతి కాలపు చక్రమును అమర్చవచ్చును. కార్బను చట్రముతో ఇది సాధ్యము కాదు.