కెరటాల హోరు మీద నిలబడే మాట

తెల్లవారి ఆరు కాకముందే విశాఖ రామకృష్ణా బీచ్‌కి నడకకొచ్చినవాళ్లు ఒక్కోచోట ఆగి చూస్తుంటారు. అయిదారుగురు కుర్రాళ్లు, ఇద్దరమ్మాయిలు సముద్రం వైపు తిరిగి, పొట్ట మీద చెయ్యేసుకుని "ఆ... ఈ... ఊ..." అని గొంతెత్తుతుంటారు. నాటకం చదువుకుంటున్న పిల్లలు వాళ్లు. ఇరవై అడుగుల అవతల నిలబడ్డ తోటివాడికి మాట వినబడాలి, అరవకూడదు. అరిస్తే మధ్యాహ్నం రిహార్సల్ వేళకి గొంతు పోతుంది. పొట్టలోంచి తీసిన ఊపిరి మీద మాటను వదిలితే అది హోరు దాటి వెళుతుంది.

మొదటి నెలల్లో వాళ్లు ఎక్కువగా తినే తిట్టు ఒకటే: "చివర మింగేస్తున్నావు." తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరనే ఉంటుంది. "రమ్మన్నాడు" అన్నాడో "రమ్మనలేదు" అన్నాడో తేలేది ఆఖరి అక్షరాల్లోనే. సరిగ్గా అక్కడికొచ్చేసరికి కొత్త నటుడికి ఊపిరి అయిపోతుంది, వెనక వరుసకి అర్థం తలకిందులవుతుంది. ఇంత చిన్న విషయం ఒంటబట్టడానికి ఏడాది పడుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలకు ప్రత్యేక శాఖ ఉంది. 1926లో బెజవాడలో మొదలై వాల్తేరు చేరిన ఈ విశ్వవిద్యాలయానికి నాటకంతో చుట్టరికం పాతదే. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టి కుర్రకారును వేదిక ఎక్కించారు. గ్రంథాలయం చూసుకున్న అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటక ప్రయోక్త కూడా. తర్వాత అత్తిలి కృష్ణారావు వీధినాటకపు పోకడల్ని ఆధునిక నాటకంలోకి తెచ్చారు. కెమెరా ముందు నటన నేర్పే సత్యానంద్ శిక్షణ కూడా ఈ ఊళ్లోనే. పవన్ కల్యాణ్, ప్రభాస్ అక్కడ నేర్చుకుని వెళ్లినవాళ్లే. బయటివాళ్లకి ఎక్కువగా తెలిసింది ఇదే. నన్ను మాత్రం సముద్రపు ఒడ్డున గొంతు సవరించుకునే పిల్లలే లాగుతారు.

పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడితో సాయంత్రం బీచ్ గట్టు మీద కూర్చున్నాను. ఇద్దరం పిడత కింద పప్పు తింటున్నాం. "వచ్చిన కొత్తలో నోరిప్పాలంటే బయ్యమేసీదండి. 'ఎల్లిపోనాడు' అంటే నవ్వుతారని, ముందు లోపల 'వెళ్లిపోయాడు' అనుకుని అప్పుడు పైకి అనీవోణ్ని" అన్నాడు. ఆ మాట విన్నాక నా నోట్లో ముద్ద దిగలేదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' పుట్టింది ఈ నేల మీదే కదా. గురజాడ అందులో ఎవరి మాట వారి నోట పెట్టారు. ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి, కోర్టు గుమ్మం ముందు నిలబడే బీదాబిక్కీ మాటను అక్షరాల్లోకి ఎక్కించారు. అటువంటి చోట ఒక పిల్లాడు తన అమ్మ మాటకి సిగ్గుపడ్డాడంటే తప్పు అతనిది కాదు. నటుడికి నాలుగు యాసలు రావాల్సిందే. వేషం కట్టినట్టు కట్టి, విప్పినట్టు విప్పగలగాలి. అయితే వాటిలో మొదటిది అతని సొంతది కావాలి.

నేర్చుకునేది తరగతిలో మాత్రమే కాదు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని భరతుడు చెప్పిన నాలుగూ, స్తానిస్లావ్‌స్కీ పద్ధతీ పుస్తకాల్లో చదువుతారు. తప్పెటగుళ్ల బృందం దగ్గరికెళితే అదే చదువు ఒంటి మీదికొస్తుంది. గుండెకు కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలతో ఎగురుతూ, పాట తప్పకూడదు. బీచ్‌లో చూసిన ఇద్దరమ్మాయిల్లో ఒకామె వారం నేర్చుకున్నాక చేతులు చూపించింది. అరచేతులు కందిపోయి ఉన్నాయి. "ఆయనకి అరవయ్యేళ్లు సార్, రొప్పడు" అంది, గురువు గురించి.

ఇక్కడి ఉక్కపోత వేరే పరీక్ష. మేకప్ వేసిన పావుగంటకే నుదుటి మీద రంగు జారుతుంది. స్పిరిట్ గమ్‌తో అంటించిన మీసం చెమటకి ఒక కొస లేస్తుంది. ఆ కొసను, పాత్ర మీసం దువ్వుకున్నట్టే, వేలితో నొక్కి డైలాగు ఆపకుండా సాగిపోవడం సీనియర్లను చూసి నేర్చుకునే విద్య.

సాయంత్రాలు రిహార్సళ్లు. నేల మీద సుద్దతో గీసిన గీతలే గోడలు, రెండు కుర్చీల మధ్య సందే గుమ్మం. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, ఉక్కు కర్మాగారాల్లో పనిచేస్తూ పరిషత్తు నాటకాలాడినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, గాజువాక నుంచి బస్సెక్కి వచ్చి నాటకం చూసేవాళ్లు ఉన్నారు. అయినా సిరిపురంలో గురజాడ కళాక్షేత్రంలాంటి హాలు నిండడం కష్టంగానే ఉంది. టికెట్టు లేని నాటకానికీ వెనక కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయంటే ఈ ఊరివాడిగా నాకు బాధేస్తుంది. ఏళ్ల తరబడి గొంతును వెనక వరుసదాకా చేర్చడం నేర్చుకున్న పిల్లలకి ఆ వరుసలో మనిషి ఉండాలి.

నేను చూసిన రోజు వాళ్లు సొంతంగా రాసుకున్న నాటకం సాధన చేస్తున్నారు. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేయించిన ఊళ్లలోని ఒక ముసలి రైతు కథ. పాలకొండ కుర్రాడిదే ఆ వేషం. సుద్ద గీత దగ్గర, లేని గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు. "నానెక్కడికీ ఎల్ను" అన్నాడు, గొంతు పెంచకుండా. చివరి వరుసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది, వినబడిందని.