ఎదిగెడు పిల్లలకు దేహశ్రమ

మన సంఘసభ్యులలో అనేకులు, తాము పడిన కష్టము తమ బిడ్డలు పడరాదను కోరికతో వారిని చదివించుచున్నారు. ఈ కోరిక మెచ్చదగినది. అయితే నాగలి కష్టము తప్పించుటతోపాటు ఒడలి కదలికను గూడ తప్పించుచున్నాము. బడికి బస్సు, బడిలో బల్ల, ఇంటికి వచ్చిన పిదప సెల్ ఫోను. సెలవులలో సైతము పొలముగట్టు త్రొక్కని పిల్లలను మేము పెక్కు గ్రామములలో చూచుచున్నాము.

ఈ స్థితి మనకు మాత్రమే కలిగినది కాదు. 146 దేశములలో 11 మొదలు 17 ఏండ్ల వరకు గల విద్యార్థులను గూర్చిన లెక్కలు 2019లో వెలువడినవి. వాని ప్రకారము 2016లో నూటికి 81 మందికి చాలినంత దేహశ్రమ లేదు. బాలురలో వీరు నూటికి 78 మంది. బాలికలలో 85 మంది.

దీని వలన నష్టమేమని కొందరడుగవచ్చును. మిరపనారు పోసినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. నీడలో, ఎడతెగని తడిలో పెరిగిన నారు ఏపుగా కనబడినను, నాటిన పిదప ఎండకు తలవాల్చును. అందుచేతనే పీకుటకు కొన్ని దినములు ముందుగా తడి తగ్గించి నారును గట్టిపరతుము. పిల్లలకు ఈ వయస్సు అట్టి నారుమడి కాలము. జీవితకాలమునకు కావలసిన ఎముక పుష్టిలో సుమారు నూటికి 90 వంతులు ఆడపిల్లలకు 18 ఏండ్లకు, మగపిల్లలకు 20 ఏండ్లకు సమకూరును. పరుగెత్తునపుడు, గెంతునపుడు ఎముకపై పడు ఒత్తిడియే దానిని దృఢపరచును. పనిచేయు కండరము రక్తములోని చక్కెరను గ్రహించి ఖర్చుచేయును. గంటల తరబడి కూర్చున్నచో ఆ ఖర్చు తగ్గును. మధుమేహము నేడు పట్టణములకే పరిమితమైన వ్యాధి కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఎంత శ్రమ కావలయును? 5 మొదలు 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషములు ఉండవలయుననియు, వారములో 3 దినములైనను ఎముకలకు, కండరములకు బలమిచ్చు శ్రమ చేయవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. ఊపిరి వేగమై, మాటలాడుటకు వీలుపడుచు, పాట పాడుటకు వీలుపడనంతటి శ్రమ చాలును. గంట అంతయు ఒకే పర్యాయము కానక్కరలేదు. బడికి సైకిలుపై పోయివచ్చుట 20 నిమిషములు, సాయంకాలము చెడుగుడు 40 నిమిషములు అయినచో లెక్క సరిపోవును. పరీక్షల కాలమున ఆట మాన్పించుట మంచిది కాదు. దేహశ్రమ చదువుకొను శక్తికిని తోడ్పడునని ఆ సంస్థయే చెప్పినది.

పొలము పని గూడ శ్రమయే గదా యందురేమో. సెలవు దినమున కలుపు తీయుట, మొక్కలకు నీరు మోయుట మంచివే. కాని పెద్ద బస్తాలు మోయించుట, పురుగుమందు చల్లించుట ఎంతమాత్రమును కూడదు. పని పేరిట బడి మాన్పించుటయు తగదు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పెద్దమనిషి అయిన నాటినుండి తాడాట, తొక్కుడుబిళ్ళ మాన్పించి ఇంట కూర్చుండబెట్టుట మన యిండ్లలో ఇంకను కలదు. ఎముక పుష్టి పొందవలసిన కాలమున ఇట్లు చేయుట హానికరము. శ్రీకాకుళము ప్రాంతపు వూసవానిపేటలో పుట్టిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ యైనది. బరువు పని ఆడుదాని దేహమునకు పడదనువారు ఈ సంగతి గమనింపవలయును.

సంఘములు చేయదగిన పని యొకటి కలదు. పంట నూర్పులు లేని నెలలలో కళ్ళములు, గిడ్డంగి ఆవరణలు ఖాళీగా నుండును. వానిని సాయంకాలము పిల్లల ఆటలకు విడిచి, వారములో కొన్ని దినములు బాలికలకే కేటాయింపవచ్చును. పిల్లలను హాస్టళ్ళలో చేర్చువారు ఫీజు ఎంతయని అడుగునపుడే ఆటస్థలము కలదా, ఆటకు వేళ యిచ్చెదరా యని గూడ అడుగవలయును. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చించి తగిన తీర్మానము చేయుదురుగాక.