తూకంరాయి ఎవరి చేతిలో?

చందా కట్టే పాఠకుడి జేబులోంచి బయల్దేరిన డబ్బు రచయిత ఖాతాకు చేరేలోగా చాలా చేతులు మారుతోంది. ఎంత ఇస్తున్నారన్న దానికన్నా దేన్ని కొలిచి ఇస్తున్నారన్నదే అసలు ప్రశ్న

2015 జూలై 1న కిండిల్ అన్‌లిమిటెడ్ రచయితల సంపాదన లెక్క రాత్రికి రాత్రే మారిపోయింది. నెలవారీ చందా కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకునే అమెజాన్ పథకం అది. ముందురోజు వరకు పాఠకుడు ఒక పుస్తకంలో పదో వంతు చదివితే చాలు, రచయితకు ఒక వాటా దక్కేది. 20 పేజీల కరపత్రమైనా, 600 పేజీల నవలైనా ఒకటే లెక్క. సహజంగానే కరపత్రాలు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. పెద్ద నవలలు రాసేవారు గొల్లుమన్నారు. దాంతో అమెజాన్ తూకంరాయిని మార్చింది. పుస్తకానికి ఇంత అన్నది పోయి, చదివిన పేజీకి ఇంత అన్నది వచ్చింది.

అయితే మోసగాళ్లు అంతకన్నా వేగంగా మారారు. ఈసారి సన్న పుస్తకాలకు బదులు దిండు పుస్తకాలు దిగాయి. సంబంధం లేని సరుకంతా ఒకే గ్రంథంలో కుక్కి, ఇక్కడ నొక్కితే నేరుగా చివరి పేజీకి వెళ్లొచ్చని మొదట్లోనే ఆశ పెట్టేవారు. పాఠకుడు ఒక్క గెంతులో అక్కడికి చేరితే మధ్యలోని పేజీలన్నీ చదివినట్టే నమోదయ్యేవి. చివరకు 2016లో, ఒక పాఠకుడు ఒక పుస్తకంలో ఎంత చదివినా 3,000 పేజీలకు మించి లెక్కలోకి తీసుకోబోమని అమెజాన్ పరిమితి విధించాల్సి వచ్చింది.

ఈ ఉదంతం నేర్పే పాఠం ఒకటే. కొలత మారితే రాత మారుతుంది. ఈ సంగతి తెలుగువారికి కొత్తేమీ కాదు. వారపత్రికల సీరియళ్లు రాజ్యమేలిన రోజుల్లో ప్రతి భాగం సరిగ్గా ఉత్కంఠ దగ్గరే ఎందుకు ఆగేదో పాఠకులకూ తెలుసు, సంపాదకులకూ తెలుసు. కాకపోతే, పాఠకుడు ఏ పేరా దగ్గర పత్రిక మూసేశాడో అప్పట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడది తెలుస్తోంది. దాన్ని బట్టే కూలి ముడుతోంది.

ఉమ్మడి కుండ

చందా సంస్థలు రచయితలకు డబ్బు పంచే పద్ధతుల్లో మొదటిది ఉమ్మడి కుండ. కిండిల్ అన్‌లిమిటెడ్ నడిచేది ఇలాగే. ప్రతి నెలా ఒక నిధిని ప్రకటించి, పాఠకులు చదివిన పేజీల లెక్కన దాన్ని పంచుతారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. నెల గడిచాకగానీ పేజీ ధర ఎంతో రచయితకు తెలియదు. నిధి ఎంతుండాలో నిర్ణయించేది సంస్థే. అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో పేజీకి అర సెంటు కన్నా తక్కువే పలుకుతోంది. అంటే 300 పేజీల నవలను ఒకరు ఆసాంతం చదివినా రచయితకు ఒకటిన్నర డాలర్ కూడా రాదు. పైగా ఈ పథకంలో చేరిన ఈ-పుస్తకాన్ని 90 రోజుల పాటు మరెక్కడా అమ్మకూడదు. భారతీయ రచయితకు అమెరికాలో వచ్చే రాయల్టీపై ఇరు దేశాల పన్ను ఒప్పందం కింద 15 శాతం అక్కడే కోత పడుతుంది.

ఇక తెలుగు రచయితలకు తలుపే ఆలస్యం. అమెజాన్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు కిండిల్‌లో చోటిచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు.

కుండను పంచడంలో మీడియం సంస్థది ఇంకో దారి. 2017లో రచయితలకు చెల్లింపులు మొదలుపెట్టినప్పుడు, నెలకు 5 డాలర్లు కట్టే సభ్యుడు ఏ వ్యాసాలకు చప్పట్లు కొట్టాడో చూసి అతని డబ్బును వాటి మధ్య పంచేది. 2019 అక్టోబరులో చప్పట్లను పక్కనపెట్టి, చదివిన సమయాన్ని లెక్కలోకి తెచ్చింది. నాలుగు ముక్కల్లో తేల్చే రచయితకు ఇది నష్టం, సాగదీసే రచయితకు లాభం.

మరి సంస్థే ఉదారంగా ఇస్తే? ఆ ముచ్చటా తీరింది. స్క్రిబ్డ్, ఆయిస్టర్ సంస్థలు పాఠకుడు నిర్ణీత శాతం దాటి చదివితే పుస్తకం ధరలో పెద్ద వాటాను ప్రచురణకర్తకు చెల్లించేవి. నెలకు 10 డాలర్లలోపు చందాతో రొమాన్స్ అభిమానులు నవల మీద నవల నమిలేశారు. చదివేవారు పెరిగేకొద్దీ నష్టం పెరిగింది. 2015లో స్క్రిబ్డ్ తన జాబితాలోని రొమాన్స్ నవలల్లో చాలా భాగాన్ని తొలగించింది. అదే ఏడాది ఆయిస్టర్ దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది. ఎక్కువగా చదివే పాఠకుడే బరువైన వ్యాపారం అది.

నేరుగా చందా

రెండో పద్ధతిలో కుండ లేదు. పాఠకుడు తనకు నచ్చిన రచయితకే చందా కడతాడు. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన సబ్‌స్టాక్ దీనికి పెట్టింది పేరు. దాని కమీషన్ 10 శాతం. లెక్క వేసి చూస్తే, నెలకు 5 డాలర్ల చందాలో సబ్‌స్టాక్‌కు 50 సెంట్లు పోతాయి. చెల్లింపులు చూసే స్ట్రైప్ సంస్థ 2.9 శాతంతోపాటు ప్రతి లావాదేవీకి 30 సెంట్లు, నెలనెలా వసూలుకు మరికొంత తీసుకుంటుంది. అలా ఇంకో అర డాలర్ దాకా ఖర్చవుతుంది. రచయితకు మిగిలేది సుమారు 4 డాలర్లు. అదే పాఠకుడు ఏడాదికి 50 డాలర్లు ఒకేసారి కడితే, 30 సెంట్ల కోత ఒక్కసారే కాబట్టి, రచయిత చేతికి దాదాపు 43 డాలర్లు అందుతాయి.

ఇక్కడ అసలు సమస్య పాఠకుల సంఖ్య. ఉచితంగా చదివే వంద మందిలో డబ్బు కట్టేది ఏ అయిదారుగురో అయితే, నెలకు 2,000 డాలర్లు రావాలంటే దాదాపు పదివేల మంది పాఠకులు కావాలి. అప్పటికే పేరున్నవారికి అది సులువు. సబ్‌స్టాక్ కొందరు ప్రముఖులకు ముందస్తు సొమ్ము కూడా ఇచ్చింది. అమెరికన్ పాత్రికేయుడు మాథ్యూ ఇగ్లేసియాస్ 2,50,000 డాలర్లు తీసుకుని, బదులుగా తొలి ఏడాది చందాల్లో 85 శాతం సంస్థకు వదులుకున్నారు. మామూలు ఒప్పందమే చేసుకుని ఉంటే తనకు ఇంకా ఎక్కువ వచ్చేదని ఆయనే తర్వాత చెప్పారు. పేరు లేని రచయితకు అసలు అలాంటి బేరమే రాదు.

మన దేశంలో అడ్డంకులు వేరు. ప్రతి నెలా ఖాతా నుంచి డబ్బు దానంతటదే కోతపడే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఖాతాదారుకు ఇవి రక్షణే. కానీ విదేశీ వేదికలపై నెలనెలా చందా మీద బతికే రచయితకు తలనొప్పి. 2024లో స్ట్రైప్ భారత్‌లో కొత్త ఖాతాలను ఆహ్వానం అందినవారికే పరిమితం చేసింది. పాఠకుడు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, పుచ్చుకునే గిన్నె లేని పరిస్థితి.

ఆ ఖాళీలోకి దేశీయ యాప్‌లు వచ్చాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి తెలుగు సహా పలు భారతీయ భాషల్లో కథలు, సీరియళ్లు అందిస్తోంది. అభిమాన రచయితకు చందా కట్టినవారు కొత్త భాగాన్ని ముందే చదవొచ్చు, మిగతావారు ఆగాలి. వారపత్రిక సీరియల్ కిటుకే మళ్లీ ఫోన్‌లోకి వచ్చిందన్నమాట. పత్రికల్లో చోటు దొరకని ఎందరికో ఇదొక తలుపు. అయితే ఏ యాప్‌లోనైనా చందాను గూగుల్ ప్లే ద్వారా కడితే, 2022 నుంచి వంద రూపాయల్లో 15 రూపాయలు ముందే గూగుల్‌కు పోతున్నాయి. సంస్థ, రచయిత పంచుకునేది మిగిలినదాన్నే.

జాబితా ఎవరిది?

కాబట్టి ఏ వేదికపై సంతకం పెట్టబోయినా రచయిత ముందుగా మూడు ప్రశ్నలు అడగాలి. కొలిచేది పేజీనా, నిమిషాన్నా, పాఠకుడినా? ఆ కొలతను నా అనుమతి లేకుండా మార్చగలరా? రేపు నేను వెళ్లిపోతే పాఠకులు నాతో వస్తారా? మూడో ప్రశ్నకు సబ్‌స్టాక్ దగ్గర మంచి జవాబుంది. చందాదారుల ఈమెయిల్ జాబితాను రచయిత వెంట తీసుకెళ్లొచ్చు. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో తన పుస్తకాన్ని ఎన్ని పేజీలు చదివారో రచయితకు తెలుస్తుందే తప్ప, చదివినవారెవరో తెలియదు.

రేట్లు ఏటా మారతాయి, కమీషన్లపై బేరాలు నడుస్తాయి. తన పాఠకులు ఎవరో తెలిసిన రచయిత మాత్రం తూకం నచ్చకపోతే మరో అంగడికి వెళ్లగలడు. తెలియని రచయిత, వేసిన తూకానికి తలూపాల్సిందే.