తోకలేని కణము

తొలకరి వాన వెలిసిన సాయంకాలము మైదుకూరు పొలాల పుట్టలనుండి ఉసుళ్ళు వెలువడుట మనమెరిగినదే. రెక్కలు వచ్చిన చెదపురుగులే యివి. రెక్కలు రాల్చి, జతగూడి, రాజు రాణులై భూమిలో కాపురము పెట్టును.

సాధారణముగా శుక్రకణము తోక నాడించుచు ఈదును. ఇటలీలోని సియెనా శాస్త్రజ్ఞులు బాచ్చెట్టి, దల్లాయి ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కీటకముల శుక్రకణములను పరిశీలించిరి. ఆస్ట్రేలియాలోని ఒక ప్రాచీన చెదజాతి కణమునకు సుమారు 100 తోకలున్నట్లు 1978లో ప్రకటించిరి. చిత్రమేమన, పెక్కు చెదజాతుల కణములకు తోకయే లేదు!

ఇందుకు కారణమేమి? పెక్కు కీటకములలో ఆడుదాని గర్భమున పలు మగవాని కణములు పోటీపడును. చెదల రాజు మాత్రము రాణితోనే కాపురముండును. పోటీ లేనిచోట పరుగేల? శాస్త్రజ్ఞుల ఊహ ఇదియే. కాపురపు తీరు కంటికి కానరాని కణమును సైతము మలచునేమో!